దూరం పెరిగింది, ప్రయాణం తగ్గింది

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు గ్లోబు మీద దారం బిగించి కొలిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు వస్తుంది. ఆ దారం హిమాలయాలు, టిబెట్, సైబీరియా దాటి ఆర్కిటిక్ మహాసముద్రం దాకా ఎక్కి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. అయితే ఆ దారిలోనే నేరుగా పోవడం సులువు కాదు. విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే 10,000 అడుగులకు దిగాలి. టిబెట్‌లో కొండలే అంతకన్నా ఎత్తు.

అందుకే 2015 డిసెంబరులో ఎయిరిండియా ఈ రెండు నగరాల మధ్య సర్వీసు మొదలుపెట్టినప్పుడు విమానం పడమరగా, అట్లాంటిక్ దాటి వెళ్లేది. సుమారు 13,900 కిలోమీటర్లు, 16 నుంచి 17 గంటలు. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకు మళ్లించి పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణం మాత్రం పద్నాలుగున్నర గంటల్లోనే ముగిసింది!

భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి పడమరకు పోయేవాళ్లకు గమ్యం ఎదురొస్తుందని కొందరు అనుకుంటారు. అదే నిజమైతే పడమటి దారే త్వరగా తెమలాలి. భూమితోపాటు దాని చుట్టూ ఉన్న గాలీ తిరుగుతుంది, ఆ గాలిలోని విమానమూ తిరుగుతుంది. కాబట్టి ఆ లెక్క కుదరదు.

అసలు సంగతి జెట్ ప్రవాహాలది. భూమధ్యరేఖ దగ్గరి వేడిగాలికీ ధ్రువాల చల్లగాలికీ ఉన్న తేడా వల్ల పై ఎత్తుల్లో గాలి ధ్రువాల వైపు కదులుతుంది. భూభ్రమణం దాన్ని తూర్పుకు తిప్పేస్తుంది. విమానాలు ఎగిరే 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున అది నదిలా పారుతూ, తూర్పుకు పోయే విమానాన్ని ముందుకు తోస్తుంది. చలికాలంలో జపాన్ మీద గంటకు 300 కిలోమీటర్లు దాటడమూ ఉంది. ఈ సంగతిని 1920లలోనే జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి కనిపెట్టాడు. ప్రపంచమంతా చదవాలని ఎస్పెరాంతో అనే అంతర్జాతీయ భాషలో ప్రచురించాడు. బయట దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా బాంబర్లు అదే గాలిలో చిక్కుకున్నాక గానీ లోకానికి దాని బలం అర్థం కాలేదు. అంత ఓపికైన పనికి దక్కాల్సిన గౌరవం ఆలస్యమైందని నాకు బాధగా ఉంటుంది.

2016లో ఆ మార్పు చేసినప్పుడు తిరుగు ప్రయాణంలోనూ ఎయిరిండియా విమానం తూర్పుకే పోయేది, అట్లాంటిక్ మీదుగా. రానూపోనూ కలిపితే భూప్రదక్షిణే అయ్యేది.

కాలిఫోర్నియాలో పిల్లలున్న తెలుగువాళ్లు ఇప్పుడు ఎందరో ఈ ప్రయాణం చేస్తున్నారు. ఈసారి సీటు ముందు తెరమీద మ్యాప్ పెట్టుకుని, నేలతో పోల్చి చూపే వేగం గమనించండి. ఇలాంటి దూరప్రయాణ విమానం సొంతంగా పోయేది గంటకు సుమారు 900 కిలోమీటర్లు. అంకె 1,000 దాటిందంటే మిగతాది గాలి ఇచ్చినదే.