లేపాక్షి చీరల మీది పూలు

లేపాక్షి వీరభద్రాలయానికి వచ్చినవాళ్లలో చాలామంది వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, బసవన్న ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. తలెత్తి పైకప్పు చూసినవాళ్లు పార్వతి పెళ్లినో, కిరాతార్జునీయాన్నో గుర్తుపట్టి సంతోషిస్తారు. ఆ పెళ్లికి వచ్చిన ఆడవాళ్ల చీరల మీది పూలనూ, లతామండపం స్తంభాలను అల్లుకున్న తీగలనూ ఆగి చూసేవాళ్లు అరుదు. అసలు బొమ్మ దేవుడిది, పువ్వు ఖాళీ జాగా నింపడానికేనని మనకు బాగా అలవాటైపోయింది. నా ఉద్దేశంలో ఆ పువ్వులు కూడా అసలు బొమ్మలే.

ఈ చిన్నచూపు మన ఒక్కరిదే కాదు. ఫ్రాన్సులో రాజాస్థానపు చిత్రకళా అకాడమీ తరఫున ఆంద్రే ఫెలిబియన్ 1667 నాటి ప్రసంగాలకు రాసిన ముందుమాటలో పురాణ, చరిత్ర చిత్రాలకు పెద్దపీట వేసి, పూలూ పళ్లూ గీసేవాళ్లను అందరికంటే కింద కూర్చోబెట్టాడు. ఆ తర్వాతి శతాబ్దంలో చిత్రకారుడు షార్డాన్ గిన్నెలు, పళ్లు గీసే ఆ లెక్కను తారుమారు చేశాడు. పూలే విషయంగా ఆయన వేసినవాటిలో మనకు మిగిలింది ఒక్కటే, ఎడింబరోలో ఉంది. తెలుపు, నీలం పింగాణీ కూజాలో గుప్పెడు పూలు, బల్ల మీద రాలిన కొన్ని. కథ లేదు, దేవుడు లేడు. అయినా ఆ కాసిని కుంచె దెబ్బల ముందు జనం నిలబడిపోతారు.

కూజాలో పువ్వుకూ చీర మీది పువ్వుకూ పోలికేమిటని అడగొచ్చు. ఒకటి చిత్రం, మరొకటి నేతపని నమూనా అంటారు. కానీ ఫ్రాన్సులోనూ ఆ రెంటికీ మధ్య గోడ లేదు. 17వ శతాబ్దంలో పేరున్న పూల చిత్రకారుడు మొనోయే గోబెలిన్ గోడ తెరల నేతశాలకు బొమ్మలు గీసినవాడే. పట్టుకు పేరుపడ్డ లియోన్ నగరంలో 1807లో ఏర్పడిన కళాశాలలో పూల చిత్రణకు ప్రత్యేకంగా తరగతి పెట్టింది నేత పరిశ్రమ కోసమే. అక్కడ పాఠం చెప్పిన ఆంత్వాన్ బెర్జోన్ తైలవర్ణ చిత్రాలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. మగ్గానికి పనికొచ్చినంత మాత్రాన పువ్వు స్థాయి తగ్గలేదు.

ఇంకో అభ్యంతరం బలమైనదే. లేపాక్షి పువ్వు వాడదు, దాని మీద వెలుగు పడదు, నీడ ఉండదు. నిజమే. అయితే అది చేతకానితనం కాదు, సామగ్రి తేడా. అవిసె నూనెలో కలిపిన రంగు మెల్లగా ఆరుతుంది కాబట్టి రేకు అంచును వెలుగులోకి కరిగించవచ్చు, పొర మీద పొర వేయవచ్చు. సున్నపు పూత మీద ఆ వెసులుబాటు లేదు. అందుకే ఇక్కడి చిత్రకారులు భారమంతా గీత మీద వేశారు: ఎర్రమన్ను, పసుపు, ఆకుపచ్చ చదునుగా నింపి, చుట్టూ నల్లటి గీతతో బిగించారు. ఒక చీర మీద చారలు, పక్క చీర మీద గళ్లు, ఇంకోదాని మీద పూలు. ఒకరు కట్టింది మరొకరు కట్టలేదు. అంత శ్రద్ధను ఖాళీ నింపడం అనలేం.

కరువు సీమ గనక గోడల మీద పూలు పూయించుకున్నారన్న మాట వినసొంపుగానే ఉంటుంది. సగటున ఏటా కురిసే 550 మిల్లీమీటర్ల వాన కూడా దక్కని ఏళ్లెన్నో చూసిన నేల ఇది. కానీ ఆ పూలు విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల పోషణలో, పెద్ద సామ్రాజ్యపు సంపదతో పూసినవి. కరువు వాటిని పుట్టించలేదు.

2022లో ఈ ఆలయం యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. పైకప్పు మీద సున్నం పెచ్చులూడినచోట దేవుడి ముఖంతో పాటు చీర అంచూ పోతుంది. కాపాడే పనిలో ఈ పూలకూ సమాన వాటా ఉండాలి. ఒక్కో చీరనూ, ఒక్కో స్తంభాన్నీ అసలు కొలతల్లో గీసి, రంగులతో సహా నమోదు చేసి, ఆ ప్రతులను ధర్మవరం నేతగాళ్లకు అందుబాటులో పెట్టాలి. లియోన్‌లో మాదిరిగా పువ్వు గీయడం నేర్పే తరగతి ఒకటి ధర్మవరంలోనే తెరవాలి.