పల్లె ఓటరు మౌనము

2004 లోక్‌సభ ఎన్నికలలో ప్రజల నాడి చూచితిమన్న సర్వేలు పెక్కు, వాజపేయి కూటమియే ముందుండునని చెప్పినవి. మే 13న ఓట్లు లెక్కింపగా భారతీయ జనతా పార్టీకి 138, కాంగ్రెసుకు 145 స్థానములు వచ్చినవి, ప్రభుత్వము మారినది. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 1999న 180 స్థానములు గెలిచిన తెలుగుదేశము ఆ యేట 47కు దిగినది.

లెక్క తప్పుటకు కారణములు పలు. అందొకటి పల్లె మౌనము. 2001 జనాభా లెక్కల ప్రకారము దేశమున నూటికి 72 మంది పల్లెవాసులు. కాగితము చేతబట్టి క్రొత్తవాడొకడు రచ్చబండ కడ ప్రశ్నింపగా పదుగురు మూగుదురు. వారిలో అప్పిచ్చినవాడుండును, పని యిచ్చు ఆసామి యుండును, నాయకుని బంధువుండును. కూలివాడు నలుగురికి నచ్చు మాట చెప్పును; లేదా నవ్వి యూరకుండును. ఇల్లాలి జవాబు పలుమారులు మగవాడే చెప్పును. అట్టి జవాబులను వేలకొలది కూర్చినను నిజము తేలదు.

దీనిని కపటమనుట తగదు. రేపును ఆ యూరనే బ్రతుకవలసినవాని జాగ్రత్త యిది. రహస్య ఓటు అతనికి చట్టమిచ్చిన కవచము. మఱుగున మీట నొక్కు క్షణమున అతని యెదుట అప్పులవాడు లేడు, ఆసామి లేడు. సర్వేలు పొరపడిన కలుగు నష్టము స్వల్పము. ఆ కవచము చెదరిన కలుగు నష్టము దేశమునకే.