పాత రూపము, కొత్త యంత్రము

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని మన పెద్దల సామెత. మోటారు కార్ల ప్రపంచములో దాదాపు నాలుగు దశాబ్దములుగా ఈ సామెతను తలక్రిందులు చేస్తున్న వాహనములు కొన్ని కనిపిస్తున్నవి. వాటి లోపలి యంత్రము సరికొత్తది. పైరూపము మాత్రము తాతల నాటిది. గుండ్రని దీపములు, ఉబ్బెత్తు మడ్‌గార్డులు, మెరిసే క్రోమియం పట్టీలు వాటి గుర్తులు. వీటినే రెట్రో కార్లు అంటారు. ఇట్టి కారు వీధిలోకి వచ్చినప్పుడు దారిన పోయేవారు చిరునవ్వుతో నిలబడి చూస్తారు. కాని కారు నడపటమును ఒక కళగా భావించే వాహనప్రియులు మాత్రము రెండు పక్షములుగా చీలిపోతారు. ఒక పక్షమునకు అది ముద్దు, మరొక పక్షమునకు అది మోసము. ఈ భేదమునకు కారణమేమిటో పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందుగా ఒక అపోహను తొలగించవలెను. పాత రూపపు కారు అనగానే మనకు అంబాసిడర్ గుర్తుకు వస్తుంది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు ఆధారముగా 1950ల చివర మొదలైన ఆ కారు, 2014లో ఉత్తరపారా కర్మాగారములో ఉత్పత్తి నిలిచిపోయే వరకు తన ఆకారమును పెద్దగా మార్చుకొనలేదు. అయినను అది రెట్రో కారు కాదు. పాతదిగానే ఉండిపోయిన కారు. ఒకసారి గతించిన రూపమును కోరి తిరిగి తెచ్చుటను మాత్రమే రెట్రో అనవలెను. మొదటిది అలవాటు, రెండవది ఎంపిక. ఎంపిక ఉన్న చోటనే వాదము పుడుతుంది.

ఆ వాదము అర్థము కావలెనన్న, పాత కార్లకు ఆ రూపములు ఎట్లు వచ్చినవో తెలుసుకొనవలెను. 1956 నాటి సూయజ్ సంక్షోభము వలన బ్రిటనులో పెట్రోలుకు కరువు వచ్చినది. తక్కువ పెట్రోలుతో నడిచే చిన్న కారు కావలసి వచ్చినది. అలెక్ ఇసిగోనిస్ అను ఇంజనీరు రూపొందించిన మినీ కారు 1959 ఆగస్టు 26న విడుదలైనది. దాని పొడవు సుమారు పది అడుగులు మాత్రమే. అందులో నలుగురిని కూర్చోబెట్టుటకై ఆయన ఇంజనును అడ్డముగా త్రిప్పి అమర్చినాడు. గేరుపెట్టెను ఇంజను అడుగున ఇమిడ్చినాడు. పది అంగుళముల చిన్న చక్రములను నాలుగు మూలలకు నెట్టినాడు. చోటు కొరకు చేసిన ఈ పని మరొక మేలు కూడా చేసినది. మూలలకు జరిగిన చక్రముల వలన ఆ కారు మలుపులలో రోడ్డును గట్టిగా పట్టుకొనేది. 1964, 1965, 1967 సంవత్సరములలో మాంటికార్లో ర్యాలీలో మినీయే గెలిచినది.

ఇటలీలోను ఇట్టి కథయే జరిగినది. స్కూటరు మీద తిరిగే సామాన్య కుటుంబములకు అందుబాటులో ఉండునట్లు దాంతే జకోజా 1957లో ఫియట్ 500ను రూపొందించినాడు. మూడు మీటర్లకు లోపు పొడవు, వెనుక భాగములో 479 సి.సి.ల రెండు సిలిండర్ల ఇంజను - అంతే. జర్మనీలోని ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజనును గాలియే చల్లబరచేది. పైగా అది వెనుక భాగములో ఉండేది. కనుక ముందు భాగములో రేడియేటరు అవసరము లేక, కారు ముక్కు గుండ్రముగా క్రిందికి వాలినది. ఈ మూడు కార్లలోను రూపము ఒక అవసరమునకు సమాధానముగా పుట్టినది. వాటిని చూసి ముచ్చటపడుట తరువాతి సంగతి.

ఇక పునర్జన్మలను చూతము. 1994లో అమెరికాలోని డెట్రాయిట్ ప్రదర్శనలో ఫోక్స్‌వాగన్ సంస్థ బీటిల్‌ను పోలిన ఒక నమూనా కారును ఉంచినది. జనము ఎంతగానో మెచ్చిరి. 1997లో మెక్సికోలోని ప్యూబ్లా నగరములో 'న్యూ బీటిల్' తయారీ మొదలైనది. అయితే దాని లోపలిది అదే సంస్థ వారి గోల్ఫ్ కారు. ఇంజను ముందుకు వచ్చినది. గాలికి బదులు నీరు దానిని చల్లబరచినది. ఇంటి గోపురము వంటి ఆ వంపును నిలుపుటకు ముందు అద్దమును చాలా దూరము జరుపవలసి వచ్చినది. ఫలితముగా నడిపేవాని ముందు డాష్‌బోర్డు భోజనపు బల్లంత వెడల్పున పరచుకొన్నది. వెనుక కూర్చున్న పొడగరి తల కప్పును తాకసాగినది. స్టీరింగు ప్రక్కన ఒక చిన్న పూలగొట్టము కూడా అమర్చబడినది.

విమర్శకుల మాట ఇక్కడ పదునెక్కినది. గోల్ఫ్ కారులో ఇదే యంత్రము ఎక్కువ చోటుతో దొరుకుతుండగా ఈ వంపు చేయు పని ఏమిటి? పాత బీటిల్‌లో అవసరము రూపమును శాసించినది. కొత్తదానిలో రూపము కొరకు అవసరము తల వంచినది. పులిని చూసి నక్క వాత పెట్టుకొన్నట్లున్నదని వారి ఆక్షేపణ. విచిత్రమేమనగా, అసలు బీటిల్ అదే ప్యూబ్లాలో 2003 జూలై వరకు తయారవుతూనే ఉన్నది. రెండు కోట్ల పదిహేను లక్షలకు పైగా తయారైన ఆ పాత కారు, దాని రూపమును ధరించిన కొత్త కారు కొన్ని ఏండ్లు ఒకే ఊరిలో ప్రక్కప్రక్కన పుట్టినవి.

సమర్థకుల వాదము కూడా తీసివేయదగినది కాదు. జపానులోని నిస్సాన్ సంస్థ 1991లో ఫిగారో అను చిన్న కారును విడుదల చేసినది. మైక్రా కారు పునాది, 987 సి.సి.ల ఇంజను, మూడు గేర్ల ఆటోమేటిక్ పద్ధతి. వేగము కోరేవారికి అందులో ఏమీ లేదు. అది ఏ ఒక్క పాత కారుకు నకలు కూడా కాదు. అయినను తయారు చేసిన ఇరువది వేల కార్లకు కొనేవారు ఎక్కువై లాటరీ వేయవలసి వచ్చినది. సమర్థకులు అనునదేమనగా, కారును ఎల్లప్పుడు మలుపులలో పరుగెత్తించుటకే కొనరు. ఆఫీసుకు, అంగడికి, బడికి పోయే దారిలో మనసుకు కాస్త ఉల్లాసము కలుగుట కూడా ఒక ప్రయోజనమే. పైగా పాత కార్లలో గాలిసంచులు లేవు, తాకిడికి తట్టుకొనే కట్టడము లేదు. పాతదాని మీద మమకారము, పిల్లల క్షేమము రెండును కావలసిన తల్లిదండ్రులకు రెట్రో కారు ఒక రాజీ మార్గము.

ఈ రెండు పక్షముల నడుమ నిలిచినది 2001లో బి.ఎం.డబ్ల్యు. సంస్థ తెచ్చిన కొత్త మినీ. దీని నడకను, స్టీరింగు చురుకుతనమును విమర్శకులు సైతము మెచ్చుకొనిరి. కాని పొడవు మూడు మీటర్ల అరువది సెంటీమీటర్లు దాటినది. బరువు వెయ్యి కిలోలకు పైబడినది. చిన్నతనమే ప్రాణముగా పుట్టినదానిని పెద్దది చేసి అదే పేరు పెట్టవచ్చునా అను ప్రశ్న మిగిలినది. భద్రతా నియమముల వలన ఈ కాలపు కార్లన్నియు పెరిగినవి కనుక, ఆ నేరమును ఈ ఒక్క కారు మీద మోపుట న్యాయము కాదని మేము తలచుచున్నాము.

వాహనప్రియులు ఇంచుమించు ఏకముగా ప్రేమించిన కారు ఒకటి కలదు. 1989లో జపానులోని మజ్దా సంస్థ తెచ్చిన ఎం.ఎక్స్-5 అది. 1960ల నాటి బ్రిటిషు రెండు సీట్ల కార్లే దానికి స్ఫూర్తి. రూపములో వాటి ఛాయ ఉన్నది. అయితే మజ్దా ఇంజనీర్లు ఆ ఛాయతో తృప్తిపడలేదు. వెయ్యి కిలోలకు లోపు బరువు, వెనుక చక్రములకు శక్తి, చేతికి హాయిగా అమరే గేరుకర్ర - ఆ పాత కార్లు ఇచ్చిన ఆనందమునకు మూలమేమో వెదకి దానినే తెచ్చినారు. రౌతు, గుర్రము ఒకటిగా కదలవలెనన్నది వారి ఆదర్శము. పాత బ్రిటిషు కార్లకు పేరుపడిన నూనె కారుటను మాత్రము వారు వారసత్వముగా తీసుకొనలేదు. 2016 నాటికి ఈ కార్ల సంఖ్య పది లక్షలకు చేరినది.

దీనిని బట్టి అసలు తగవు పాతకొత్తల మధ్య లేదని తేలుచున్నది. రూపము చూసేవానికి ఒక మాట ఇస్తుంది. స్టీరింగు పట్టినప్పుడు కారు ఆ మాట నిలుపుకొన్నదా అనునదే ప్రశ్న. నిలుపుకొంటే పాత రూపము గౌరవము పొందుతుంది. లేకున్న పైన పటారము, లోన లొటారము అనిపించుకొంటుంది. ఎవరికి కారు ఏ మాట ఇచ్చినదో కూడా చూడవలెను. ఉల్లాసమును మాత్రమే ఆశించినవానికి ఫిగారో మాట తప్పలేదు. పరుగును ఆశించినవానికి తప్పినది. యౌవనములో పాత కారును స్వయముగా నడిపి, దారిలో చెడితే బాగుచేసుకొన్నవాని బాధ ఇంకను లోతైనది. తన జ్ఞాపకమును ఎవరో అంగడిలో పెట్టి అమ్ముచున్నారని అతనికి తోచుట సహజము.

ఈ వాదము ఇప్పట్లో ముగియదు. 1972 నాటి రెనో 5 కారు రూపము 2024లో విద్యుత్తు కారుగా తిరిగి వచ్చినది. పాతదానిలో ముందు మూత మీద గాలి కొరకు ఉండిన రంధ్రము చోట, కొత్తదానిలో బ్యాటరీ ఎంత నిండినదో తెలిపే దీపము వెలుగుచున్నది. పాత చోటునకు కొత్త పని దొరికినది. ఇట్టి చిన్న విషయములలోనే నిజమైన వారసత్వము కనిపిస్తుందని మా నమ్మకము.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. తాతగారి షేర్వానీ తొడుగుకొన్నంత మాత్రమున ఆయన తహజీబు మనకు రాదు. ఆయన ప్రబంధములు బీరువాలో ఉన్నంత మాత్రమున ఆయన పాండిత్యము రాదు. ఆ షేర్వానీ కోతను మన కొలతలకు కుట్టించుకొనుట తప్పు కాదు. అది తొడిగి వీధిలో నడిచేటప్పుడు మన మాట, మన నడవడి దానికి తగినట్లుండవలెను. పెద్దల నుండి ఏ రూపమును తీసుకొన్నను, అది ఏ అవసరమునకు పుట్టినదో ముందుగా అడుగుదము.