ఎవరిని ఎంచుకుంటారు? డ్రాఫ్టు అంచనాల వెనుక లెక్క

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్ని ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతపట్టుకుని, అడ్డొచ్చేవారిని తప్పించుకుంటూ ముందుకు తీసుకుపోయే ఆట. రగ్బీకి దగ్గరి చుట్టం. మైదానంలో ఒక్కో జట్టు నుంచి 11 మంది ఉంటారు. బంతిని ముందుకు తీసుకుపోయే బృందం వేరు, ప్రత్యర్థిని అడ్డుకునే బృందం వేరు. ఈ రెండో బృందాన్నే డిఫెన్స్ అంటారు.

అక్కడి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లున్నాయి. ఏటా ఇవి కళాశాలల్లో ఆడిన యువకులను వంతులవారీగా ఏడు రౌండ్లలో ఎంచుకుంటాయి. 1936లో మొదలైన ఈ పద్ధతి పేరు డ్రాఫ్టు. గత సీజనులో అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, విజేతకు చివరి వంతు. మన ఎంట్రన్సు కౌన్సెలింగులో విద్యార్థి కళాశాలను కోరుకుంటాడు. అక్కడ జట్టే ఆటగాణ్ని కోరుకుంటుంది.

ఒక జట్టు తన డిఫెన్స్ కోసం ఎవరిని తీసుకుంటుందో ముందుగా చెప్పగలమా? నిజానికి ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. జట్టు ఎవరిని ఎంచుకుంటుంది అనేది ఒకటి. అలా ఎంచుకున్నవాడు బాగా ఆడతాడా అనేది రెండోది. ఈ రెండింటికీ జవాబు ఒకేలా దొరకదు.

అలవాటును పట్టుకోవడం

మొదటి ప్రశ్నకు సియాటిల్ సీహాక్స్ జట్టు మంచి ఉదాహరణ. 2010లో ఆ జట్టుకు పీట్ కారల్ కోచ్‌గా, జాన్ ష్నైడర్ జనరల్ మేనేజర్‌గా వచ్చారు. డిఫెన్స్‌లో కార్నర్‌బ్యాక్ అనే ఆటగాడు మైదానం అంచుల్లో ఉండి, ప్రత్యర్థి బంతిని అందుకోకుండా చూస్తాడు. ఎదుటివాణ్ని మొదటి అడుగులోనే చేతులతో నెట్టి ఆపాలన్నది కారల్ పద్ధతి. దానికి పొడవైన చేతులు కావాలి. అందుకే 2011 నుంచి సుమారు పదేళ్లపాటు ఆ జట్టు డ్రాఫ్టులో తీసుకున్న కార్నర్‌బ్యాక్‌ల చేతులు 32 అంగుళాలకు, అంటే సుమారు 81 సెంటీమీటర్లకు తగ్గలేదు.

ఈ కొలతలు రహస్యం కాదు. ఏటా డ్రాఫ్టుకు ముందు ఇండియానాపొలిస్ నగరంలో కంబైన్ అనే పరీక్ష జరుగుతుంది. ఎత్తు, బరువు, చేతి పొడవు, 40 గజాల పరుగు, నిలువు గెంతు, 225 పౌన్ల బరువును ఎన్నిసార్లు ఎత్తగలరు వంటివన్నీ అక్కడ నమోదవుతాయి.

ఒక ఏడాది 30 మంది కార్నర్‌బ్యాక్‌లు బరిలో ఉన్నారనుకుందాం. ఏమీ తెలియకుండా ఒక పేరు చెబితే అది సరిపోయే అవకాశం 30లో ఒకటి. 32 అంగుళాల నియమం తెలిస్తే, అందులో 10 మందే మిగిలారనుకోండి, అవకాశం 10లో ఒకటి అవుతుంది. కొత్త సమాచారంతో ఇలా లెక్క మార్చుకోవడాన్నే గణితంలో షరతు సంభావ్యత అంటాం.

కానీ మన జట్టు కోరుకున్నవాడు దాని వంతు వచ్చేవరకు మిగలాలి గదా! ముందు 10 జట్లుండి, ఒక్కొక్కటి అతణ్ని తీసుకునే అవకాశం 10 శాతమే అనుకున్నా, అతడు మిగిలే అవకాశం 0.9ని పదిసార్లు గుణిస్తే వచ్చే 0.35 మాత్రమే.

పైగా అలవాటు ప్రకృతి నియమం కాదు. 2021లో సియాటిల్ ట్రే బ్రౌన్ అనే ఆటగాణ్ని తీసుకుంది. అతని చేతి పొడవు 31 అంగుళాలకు కూడా రాదు. 2023లో అయిదో వంతులో ఎంచుకున్న డెవన్ విదర్‌స్పూన్ చేయి కూడా 32 అంగుళాలకు తక్కువే. పదేళ్ల నియమాన్ని గుడ్డిగా నమ్మినవారి అంచనా ఆ రెండుసార్లూ తప్పింది.

ఎవరు రాణిస్తారు?

రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. 2008లో న్యూయార్క్ జెట్స్ జట్టు ఆరో వంతులో వెర్నన్ గోల్‌స్టన్‌ను తీసుకుంది. కంబైన్‌లో అతడు 225 పౌన్ల బరువును 37 సార్లు ఎత్తాడు. ప్రత్యర్థి జట్టును నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే అతణ్ని పడగొట్టడం అతని పని. మూడు సీజన్లు ఆడినా అది ఒక్కసారీ సాధించలేకపోయాడు. 2011లో సియాటిల్ 154వ వంతులో తీసుకున్న రిచర్డ్ షెర్మన్ మాత్రం 2013 సీజనులో ప్రత్యర్థి బంతులను 8 సార్లు ఒడిసిపట్టి లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచాడు. తన స్థానానికి పొట్టివాడన్న ఆరన్ డొనాల్డ్ 2014లో 13వ వంతులో ఎంపికై, మూడుసార్లు ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు.

ఇవి అరుదైన ఉదాహరణలే అనవచ్చు. అయితే కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు అనేక సంవత్సరాల డ్రాఫ్టులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. థేలర్‌కు 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిని ఒకరి తర్వాత ఒకరిని ఎంచుకున్నప్పుడు, ముందు ఎంపికైనవాడు మెరుగ్గా ఆడింది 100కు సుమారు 52 సార్లే. నాణెం ఎగరేసినదానికి కాస్త ఎక్కువ!

ఎందుకిలా? ఆ పరీక్షకు వచ్చేసరికే అందరూ బలవంతులు, వేగవంతులు. వారి మధ్య తేడా స్వల్పం. ఆట అర్థం చేసుకునే తీరు, గాయాలు, కోచ్ శిక్షణ వంటివి టేపుకు అందవు. మిగిలిన చిన్న తేడాలను పెద్దవిగా చూసి జట్లు పొరబడుతున్నాయి.

అందుకే ఒక్క గొప్ప వంతు కోసం ఎక్కువ ధర చెల్లించడంకంటే, దాన్ని ఇచ్చి రెండు మూడు వంతులు తీసుకోవడమే మేలని ఆ పరిశోధకుల సలహా. ఒక్కో ఎంపిక ఫలించే అవకాశం నాలుగింట ఒకటే అనుకుందాం. మూడు ఎంపికలూ విఫలమయ్యే అవకాశం 0.75 ను మూడుసార్లు గుణిస్తే 0.42. అంటే కనీసం ఒకటైనా ఫలించే అవకాశం 58 శాతం.

ఎంపికయ్యే యువకులు చాలామంది ఇరవై రెండేళ్ల వయసువారు. ఏ వంతులో పిలుపు వచ్చిందన్న దాన్నిబట్టి వారి తొలి జీతం, దక్కే అవకాశాలు ఆధారపడతాయి. కానీ 13వ వాడి కంటే 12వ వాడు మెరుగని ఆ వరుస చెప్పలేదు. ర్యాంకుల జాబితా ముందు నిలబడే మన విద్యార్థులు కూడా ఈ లెక్క గుర్తుంచుకోవాలి. దగ్గరదగ్గరగా ఉన్న రెండు అంకెల మధ్య తేడా చాలాసార్లు కొలతలోని తేడాయే.