చేతిఫోనులో పాటయు పటమును: గుణమెఱుగు విధము



ఒక కాలమున పాట వినుటకు గ్రామఫోను, వార్త వినుటకు రేడియో, పటము తీయించుకొనుటకు పట్టణములోని ఫోటో స్టూడియో, బొమ్మ చూచుటకు సినిమాహాలు వేర్వేఱుగ నుండెడివి. నేడు ఈ నాలుగు పనులను అఱచేతిలో నిముడు స్మార్టుఫోను చేయుచున్నది. నల్లగొండ, పాలమూరు సీమలలో దానిని కొనువారు పిల్లలైనను, సొమ్ము లెక్క చూచువారు పెక్కిండ్లలో పెద్దలే. కావున దాని గుణదోషములను ఎఱుగుట మీకును అవసరము.

దుకాణమునకు పోయినంతనే అంకెలు వినవచ్చును. ఇన్ని మెగాపిక్సెలులు, ఇన్ని కెమెరాలు, ఇంత శబ్దము అని చెప్పుదురు. ఎద్దును కొనునప్పుడు మనము పండ్లు చూచి, నాలుగడుగులు నడిపించి, కాడి కట్టి చూతుము. వడ్లు కొనునప్పుడు గుప్పెడు తీసి నలిపి చూతుము. సంచిపై వ్రాతను మాత్రమే నమ్మి విత్తనము కొన్నవాని గతి మీకు తెలియనిది గాదు. ఫోను విషయమునను ఇదే న్యాయము. పెట్టెపై అంకెలనుబట్టి గాక, మన యింట అది చేయవలసిన పనినిబట్టి, మన చెవితోను కంటితోను దానిని పరీక్షింపవలెను. నేను చెప్పదలచినది ఇదియే.

ఇది వేడుకకొఱకు చెప్పుమాట గాదు. బ్రతుకుతెరువునకై పాలమూరు విడిచి దూరదేశము పోయిన కొడుకు ముఖము తల్లికి కనబడునది ఈ తెరమీదనే. ఊరిలో ఒగ్గుకథ చెప్పు వృద్ధుని గొంతు, బతుకమ్మ పాటలు నూఱు నోటికి వచ్చిన ముదుసలి పాట, వారి తరువాత మిగులుట ఎవరైన పట్టియుంచిననే గదా! పట్టినది చెడినచో రెండవసారి పట్టుటకు వారుండరు.

మొదట వినుటను గూర్చి చెప్పెదను. ధ్వని యనగా గాలి కదలిక. డప్పుపై కఱ్ఱ పడినంతనే చర్మము కదలి, చుట్టునున్న గాలిని కదల్చును. ఆ కదలిక చెవికి చేరును. మానవుని చెవి సెకనుకు సుమారు 20 మొదలు 20,000 కదలికల వఱకు గ్రహింపగలదు. వయసు మీఱినకొలది పై స్వరములు వినుశక్తి తగ్గును. కదలికలు తక్కువగ నున్న మంద్రస్వరమును పుట్టించుటకు ఎక్కువ గాలిని త్రోయవలెను. ఫోనులోని స్పీకరు మిక్కిలి చిన్నది; అంత గాలిని త్రోయజాలదు. అందుచే ఎంత వెలగల ఫోనైనను డప్పు గంభీరనాదమును తన స్పీకరుతో ఉన్నదున్నట్లు వినిపింపలేదు. ఇయర్‌ఫోను చెవిలోనే యుండును గనుక కొద్ది గాలి కదలినను చాలును. దానితో మంద్రస్వరము చక్కగ వినబడును.

దుకాణములో తమ ఫోనుకు నప్పిన పాటనే వినిపింతురు. మీరు దానిని ఆపించి, మాట మాటకు మీకు తెలిసిన పాట నొకదానిని పెట్టించుడు. శబ్దమును సగమునకు తగ్గించి, మాటలు విడివిడిగ తెలియుచున్నవా యని వినుడు. పిదప పూర్తిగ హెచ్చించి, సకార శకారములు బుసకొట్టుచున్నవా, గొంతు పగిలినట్లున్నదా, ఫోను వీపు వణకుచున్నదా యని చూడుడు. బిగ్గఱతనము వేఱు, స్పష్టత వేఱు. సంతలో అరచువాడెల్ల గాయకుడు గాడు గదా! తీగతో కూడిన ఇయర్‌ఫోను మీయొద్ద నున్నచో, దానిని తగిలించుటకు ఫోనులో రంధ్రమున్నదో లేదో కూడ చూచుకొనవలెను. నేటి ఫోనులు పెక్కింటిలో అది లేదు.

ఇక పాటను పట్టుట. ఇది వినుటకంటె కష్టమైన పని. ఫోనులోని మైకు ప్రధానముగ మాటాడుటకై యేర్పడినది. మాట స్పష్టముగ వినబడవలెనని, పెక్కు ఫోనులు ఫంకా మ్రోతవలె ఎడతెగక సాగు ధ్వనిని తమంతట తామే అణచివేయును. మాటకు ఇది మేలే. కాని భజనలో శ్రుతిపెట్టె ధ్వనియు ఎడతెగక సాగునదే గదా! దానిని కూడ ఫంకా మ్రోత యనుకొని ఫోను అణచివేయవచ్చును. అప్పుడు పాట నిలిచినను శ్రుతి పోవును.

పాలమూరు కిన్నెరను తలచుకొనుడు. 2016లో విభజనకు పూర్వము ఆ జిల్లాలో నుండి, తరువాత నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన సీమకు చెందిన దర్శనం మొగిలయ్య గారికి, పండ్రెండు మెట్ల కిన్నెర వాయించు విద్యకు 2022లో పద్మశ్రీ పురస్కారము లభించినది. వెదురు కఱ్ఱకు సొరకాయ బుఱ్ఱలు అమర్చిన ఆ వాద్యము నాదము మెత్తనిది. పాడువాని గొంతు దానికంటె పెద్దది. మంచి మైకు ఈ రెంటిని వేర్వేఱుగ వినిపించును. చెడ్డ మైకు గొంతు నిలిచినప్పుడు కిన్నెరను పైకెత్తి, గొంతెత్తినప్పుడు కిన్నెరను ముంచివేయును.

పరీక్షకు కిన్నెరను దుకాణమునకు తీసికొనిపోనక్కఱలేదు. ఒకరిని నాలుగడుగుల దూరమున నిలిపి, మొదట మెల్లగ కూనిరాగము తీయుమని, పిదప గొంతెత్తి పాడుమని, నడుమనడుమ చిటికెలు వేయుమని చెప్పి, దానిని పట్టి, ఇయర్‌ఫోనుతో వినుడు. కూనిరాగము మధ్యలో తెగిపోవుచున్నను, చిటికెలు వినబడకున్నను, ఆ ఫోను పాటలు పట్టుటకు తగదని తెలిసికొనుడు. ఒక హెచ్చరిక: డప్పులకును డోళ్లకును మిక్కిలి దగ్గఱ నిలిచి పట్టినచో ఏ మైకైనను ఆ దెబ్బను తాళలేక బరబరలాడును. పదడుగులు వెనుకకు జరుగుట మంచిది.

మూడవది కెమెరా. పటము చిన్న చుక్కల సమూహము. పది లక్షల చుక్కలను మెగాపిక్సెలు అందురు. చుక్కలు ఎన్ని యెక్కువైన పటమంత మంచిదని చెప్పుట నిజము గాదు. పొడవున 1,920, వెడల్పున 1,080 చుక్కలు గల తెరను తీసికొనుడు. మొత్తము 20,73,600 చుక్కలు, అనగా రెండు మెగాపిక్సెలులే. ఎంత పెద్ద పటమైనను ఆ తెరపై ఒక్కసారిగ కనబడునది అంతమాత్రమే. 4,000 చుక్కల పొడవు, 3,000 చుక్కల వెడల్పు గల 12 మెగాపిక్సెలుల పటమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చొత్తినను సుమారు 13 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు వచ్చును. గోడమీది పటమునకు అది చాలును. 108 మెగాపిక్సెలుల కెమెరాలు సైతము సాధారణముగ తొమ్మిదేసి చుక్కలను ఒక్కటిగ కలిపి, 12 మెగాపిక్సెలుల పటమునే యిచ్చుచున్నవి.

మఱి పటమునకు ప్రాణమేది? వెలుతురు. వాననీరు పట్టుటకు పెరటిలో నూఱు గంగాళము లుంచినను, అదే చోట వేయి గిన్నె లుంచినను, ఆ పెరటిలో పడు వాన ఒక్కటే. గిన్నెల సంఖ్య గాదు, పెరటి వైశాల్యము ముఖ్యము. కెమెరాలో ఆ పెరడు వంటిది సెన్సారు. దాని కొలతను అంగుళములో భిన్నముగ వ్రాయుదురు. 1/3 కంటె 1/1.5 పెద్దదని లెక్క నేర్చినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఎఫ్ అను అక్షరము ప్రక్కన నుండు అంకె వెలుతురు లోనికి వచ్చు ద్వారపు కొలత. ఇది తగ్గినకొలది ద్వారము పెద్దది. వీపున మూడు నాలుగు కన్నులున్నంత మాత్రమున మురియవలదు. చౌక ఫోనులలో వానియందు ఒకటి రెండు లెక్కకు మాత్రమే యుండుట కలదు. దూరపు వస్తువును దగ్గఱగ చూపుటయు రెండు విధములు. అందులకు ప్రత్యేకమైన కటకమున్నచో అది నిజముగ దగ్గఱకు తెచ్చును. లేనిచో ఫోను పటమును కత్తిరించి సాగదీయును. సాగదీసిన పటము మసకబారును.

కెమెరాకు మూడు పరీక్షలు చాలును. మొదటిది రంగు. నల్లగొండ సీమలో పోచంపల్లి, పుట్టపాక గ్రామముల నేతగాండ్రు నూలును ముందుగ కట్లు కట్టి, రంగులో ముంచి, పిదప నేయుదురు. (2016 తరువాత ఆ గ్రామములు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినవి.) ఆ నేతలో ఒక రంగు మఱియొక రంగుతో కలియు అంచు కత్తితో కోసినట్లుండక, ఈకవలె మెత్తగ నుండును. అట్టి చీరెనో రుమాలునో ఆరుబయట పటము తీసి, గుడ్డను తెర ప్రక్కన నుంచి పోల్చుడు. ఎఱుపు మంటవలె మండుచున్నను, మెత్తని యంచు గీత గీసినట్లు పదునెక్కినను, ఫోను తన యిష్టము వచ్చినట్లు రంగు పూయుచున్నదని యర్థము. అది కంటికింపుగ నుండవచ్చును గాని సత్యము గాదు. నేసినవాడు అట్టి పటమును చూపి చీరె నమ్మినచో, కొన్నవాడు రంగు వేఱని త్రిప్పి పంపును. నష్టము మగ్గమునకే.

రెండవది నీడ. మహబూబ్‌నగరు చెంతనున్న పిల్లలమఱ్ఱి వంటి చెట్టు క్రింద నిలిచినవానిని పటము తీసినచో, వెనుక ఆకాశము తెల్లగ వెలుగును, ముఖము నల్లబడును. మంచి కెమెరా రెంటిని నిలుపును. దుకాణపు గడప లోపల మనిషిని నిలిపి, వీధి వెనుకగ నుండునట్లు తీసి, ముఖకవళిక తెలియుచున్నదా యని చూడుడు.

మూడవది మసక వెలుతురు. సద్దుల బతుకమ్మ నాడు ఆట సాగునది సందెచీకటిలోనే. దీపమొక్కటి దక్క తక్కినవి ఆర్పించి, నడచుచున్న మనిషిని తీయుడు. చేతులు పొగవలె చెదరినచో, నిలిచిన బొమ్మలకే ఆ కెమెరా పనికివచ్చును.

వీడియో అనగా సెకనుకు 30 పటములు వరుసగ తీయుట. దీనికి ఫోనును చేతబట్టి నాలుగడుగులు నడచుచు తీసి, పిదప చూడుడు. బొమ్మ ఎడ్లబండి యెక్కినట్లు ఊగినచో కుదుపు నాపు ఏర్పాటు చాలదని తెలియును. కొడుకుతో మాటాడుటకు కావలసినది ముందటి కెమెరా. దానిని వేఱుగ పరీక్షింపవలెను. మాటాడునప్పుడు ముఖము ముక్కలైనచో దోషము కెమెరాది గాక, నెట్‌వర్కుది కావచ్చును. అందుచే ముందటి కెమెరాతో ఒక నిమిషము వీడియో తీసి, ఆ ఫోనులోనే చూచి తీర్పు చెప్పుడు.

చోటు లెక్కయు కలదు. పైన చెప్పిన 1,920, 1,080 చుక్కల వీడియో నిమిషమునకు సుమారు 60 మొదలు 130 మెగాబైట్ల చోటు తినును. ఆఱు గంటల ఒగ్గుకథను అట్లు తీసినచో సుమారు 22 మొదలు 47 గిగాబైట్లగును. 64 గిగాబైట్ల ఫోనులో కొంత చోటు ఫోను సొంత పనులకే పోవును గనుక, కథ ముగియకముందే కొట్టు నిండవచ్చును. అదే కథను ధ్వనిగ మాత్రమే, నిమిషమునకు ఒక మెగాబైటు చొప్పున పట్టినచో, 360 మెగాబైట్లలో ముగియును. కావున కథ యంతయు ధ్వనిగ ఒక ఫోనులో పట్టి, ముఖ్యఘట్టములను మాత్రము వేఱొక ఫోనుతో వీడియో తీయుట తెలివిగల పని.

పట్టినదానిని కాపాడుకొనుట కూడ తెలియవలెను. వాట్సాపులో పటమునో వీడియోనో సాధారణముగ పంపినచో, అది త్వరగ చేరుటకై దానిని కుదించి పంపును. చేతులు మాఱినకొలది అందము తగ్గును. డాక్యుమెంటు రూపమున పంపినచో ఉన్నదున్నట్లు చేరును. మూలప్రతిని ఒక్క ఫోనులోనే యుంచుట, విత్తనపు గింజలన్నియు ఒకే కుండలో పోయుట వంటిది. రెండవ ప్రతిని మెమరీ కార్డులోనో కంప్యూటరులోనో దాచుడు. పాడినవాని పేరు, ఊరు, తేది పాటతో చేర్చి యుంచుడు. పదిమందికి పంపుటకు ముందు పాడినవాని యనుమతి అడుగుట మర్యాద.

పెద్దలారా! ఇన్ని పరీక్షలకు అరగంట చాలును. తెలిసిన పాట యొకటి, కట్లునేత రుమాలొకటి, తోడుగ మనుమడొకడు ఉన్న చాలు. అరగంట నిలిచి పరీక్షింపనీయని దుకాణమును విడిచి మఱియొక దుకాణమునకు పొండు. వెల హెచ్చయిన ఫోను మీ పనికి అనవసరమని తేలవచ్చును. నడిమి వెలది చాలునని తేలవచ్చును. రెండేండ్లలో ఫోను పాతబడును, అంకెలు మఱపునకు వచ్చును. దానిలో మీరు పట్టియుంచిన గొంతు మాత్రము మనుమల మనుమలకు వినబడవలెను. ఆ గొంతుకు తగిన పాత్రను చూచి కొనుడు.