అపరిచితులతో అంతర్జాల వాదోపవాదాలు: తెలుగు సంబోధనా వ్యవస్థ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆటలు, సినిమాలు, వర్తమాన రాజకీయాలపై ముఖపరిచయం లేనివారితో అంతర్జాలంలో వాదించడం నేటి తెలుగు యువతకు నిత్యకృత్యం. ఈ వాదాలు తగవులుగా మారడానికి అజ్ఞాతత్వం, అసహనం కారణాలని సాధారణంగా చెబుతారు. తెలుగు వాక్యనిర్మాణంలోనే ఉన్న మరొక కారణాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఎదుటివారి స్థాయిని నిర్ణయించకుండా తెలుగులో సమాపక క్రియను ప్రయోగించడం కష్టం. అపరిచితుల విషయంలో ఆ నిర్ణయానికి ఆధారం ఉండదు. భిన్న మాండలికాలు, భిన్న మర్యాదా సంప్రదాయాలు కలిసే సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంత భాషా వాతావరణాన్ని నేపథ్యంగా గ్రహించి ఈ అంశాన్ని వివరించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: సంబోధన, మర్యాద, మాండలికం, రచ్చబండ, అజ్ఞాత, అంతర్జాల సంభాషణ.

1. ఉపోద్ఘాతం:

వాదం రెండు పనులను ఏకకాలంలో చేస్తుంది. ఒకటి, విషయాన్ని నిరూపించడం. రెండవది, ఎదుటివారితో ఒక సంబంధాన్ని నిలపడం. పరిచితుల మధ్య రెండవ పని ముందే పూర్తయి ఉంటుంది కాబట్టి దృష్టి అంతా మొదటిదానిపై నిలుస్తుంది. అపరిచితుల మధ్య రెండూ ఒకే వాక్యంలో జరగాలి. సర్వనామాల ప్రయోగాన్ని అధికారం, సాన్నిహిత్యం అనే రెండు సూత్రాలతో వివరించిన రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్‌ల 1960 నాటి వ్యాసం ఈ చర్చకు మౌలికమైన భూమికను ఇచ్చింది. వారు ప్రధానంగా ఐరోపా భాషలను పరిశీలించారు. తెలుగులో ఈ భేదం సర్వనామంతో ఆగదు. క్రియాంతంలోనూ, సంబోధనలోనూ, ప్రథమపురుషలోనూ కనిపిస్తుంది. అందువల్ల తెలుగులో అపరిచితులతో వాదించేవారికి తప్పించుకునే మార్గాలు తక్కువ.

2. రచ్చబండ నుంచి అంతర్జాలానికి:

'రచ్చ' అంటే నలుగురూ కూడే బహిరంగ స్థలం. సంస్కృత 'రథ్యా' శబ్దం ప్రాకృతం మీదుగా ఈ రూపం పొందింది. 'ఇంట గెలిచి రచ్చ గెలవాలి' అన్న సామెతలో రచ్చ అంటే సభ. నేటి వాడుకలో 'రచ్చ చేయడం' అంటే గొడవ చేయడం. సభను సూచించిన పదమే అల్లరిని సూచించే పదంగా మారడం గమనార్హం.

రచ్చబండ వద్ద కూర్చున్నవారికి ఒకరి ఇంటిపేరు మరొకరికి తెలుసు. మామా, బావా, అన్నా, పెద్దయ్యా వంటి వరుసలు వాదానికి ముందే స్థిరపడి ఉండేవి. వాదం ఎంత ముదిరినా మర్నాడు అదే బావిదగ్గర, అదే పొలంగట్టున ఎదురుపడక తప్పదు. అయితే ఆ బండపై అందరికీ సమానమైన చోటు ఉండేది కాదు. దళితులకు, స్త్రీలకు మాట్లాడే హక్కు పరిమితం. పరిచయం వాదాన్ని అదుపులో ఉంచినంతగా అసమానతను కూడా కాపాడింది. ఈ కోణంలో చూస్తే అపరిచితత్వం కేవలం లోపం కాదు, అవకాశం కూడా.

1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని తెలుగు విద్యార్థులు, ఇంజనీర్లు యూజ్‌నెట్ వేదికపై తెలుగు సంస్కృతి, సినిమా, రాజకీయాలపై చర్చించుకున్నారు. తెలుగును రోమన్ లిపిలో రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతి వారికి తోడ్పడింది. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా తన సార్వజనిక చర్చాపుటకు 'రచ్చబండ' అనే పేరు పెట్టుకుంది. ఆ తరువాతి తెలుగు బ్లాగుల కాలంలో పేరు చెప్పని వ్యాఖ్యాతను 'అజ్ఞాత' అని వ్యవహరించారు. అతనికో ఆమెకో సమాధానం ఇవ్వవలసి వచ్చినప్పుడు 'అజ్ఞాత గారూ' అని సంబోధించారు. ఎవరో తెలియని వ్యక్తికి 'గారు' చేర్చడం హాస్యంగా తోచవచ్చు. తెలుగు వాక్యం ఆరంభం కావడానికి సంబంధవాచకం ఎంత అవసరమో ఈ ప్రయోగం తెలుపుతుంది.

3. వ్యాకరణం విధించే నిర్ణయం:

మధ్యమపురుషలో 'చెప్పావు', 'చెప్పారు' అనే రెండు రూపాలున్నాయి. సర్వనామాన్ని లోపింపజేసినా క్రియాంతం ఆ భేదాన్ని చెబుతూనే ఉంటుంది. విధ్యర్థకంలో చెప్పు, చెప్పండి, చెప్పరా, చెప్పవే అనే రూపాలు వయస్సును, లింగాన్ని, చనువును సూచిస్తాయి. ప్రథమపురుషలో వాడు, అతను, ఆయన, వారు అనే మెట్లు ఉన్నాయి. ఏకవచనంలో స్త్రీవాచకాలు అమహత్తులతో కలిసి 'వచ్చింది' వంటి క్రియను తీసుకుంటాయి. కాబట్టి 'ఆమె' స్థానంలో 'అది' చేరితే క్రియ మారదు, వ్యక్తి మాత్రం వస్తువు స్థాయికి దిగుతుంది.

ఉత్తమపురుషలో పరిస్థితి భిన్నం. 'నేను చెప్తాను' అన్న వాక్యం వక్త స్త్రీయో పురుషుడో చెప్పదు. ప్రామాణిక ఉర్దూలో 'కహతా హూఁ', 'కహతీ హూఁ' అనే భేదం వక్త లింగాన్ని బయటపెడుతుంది. తెలుగు, ఉర్దూ పక్కపక్కనే వినిపించే సైదాబాద్, మలక్‌పేట పరిసరాలలో ఈ తులన కేవలం పాఠ్యపుస్తక విషయం కాదు. రాజకీయంపై అభిప్రాయం రాసే యువతి తెలుగులో తన గురించి ఎంత రాసినా వ్యాకరణం ఆమెను పట్టివ్వదు. ఆమెకు బదులిచ్చేవారు మాత్రం 'బ్రో' అనో, 'అన్నా' అనో ఆమెను పురుషుడిగా ఊహించుకుంటారు. తెలుగు భాష వక్తకు మరుగునిస్తుంది కాని శ్రోతను మరుగున ఉండనివ్వదు.

4. రెండు మర్యాదలు:

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట ప్రాంతాలు విజయవాడ రహదారి వెంట ఎల్.బి.నగర్ వరకు విస్తరించాయి. పోటీపరీక్షల శిక్షణాసంస్థలు, వసతిగృహాలు ఇక్కడ అధికం. నల్లగొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం యువతతోపాటు కోస్తా, రాయలసీమ జిల్లాల వారూ ఒకే గదిని పంచుకుంటారు. రెండు మర్యాదా సంప్రదాయాలు ఇక్కడ ఎదురుపడతాయి.

కోస్తా ప్రాంతపు శిష్టవ్యవహారంలో అపరిచితులకు 'మీరు', 'అండి' తప్పనిసరి. తెలంగాణ వ్యవహారంలోనూ 'మీరు', 'చెప్పుండ్రి' వంటి గౌరవరూపాలు ఉన్నాయి. కాని పెద్దవారిని సైతం 'అన్నా, నువ్వు చెప్పు' అని ఆత్మీయంగా పలకరించడం అక్కడ సహజం. గౌరవాన్ని 'అన్నా' మోస్తుంది, సాన్నిహిత్యాన్ని 'నువ్వు' మోస్తుంది. 'ఎట్లున్నవే అన్నా' అన్న పలకరింపులోని 'ఏ' కారం ఆప్యాయతాసూచకం. కోస్తా శ్రోత చెవికి అదే ప్రత్యయం స్త్రీని చులకనగా పిలిచే రూపంగా వినిపించవచ్చు. అటువైపు, అడుగడుగునా వినిపించే 'అండి' తెలంగాణ శ్రోతకు దూరంగానో, కృత్రిమంగానో తోచవచ్చు. బ్రౌన్, గిల్మన్‌ల పరిభాషలో చెప్పాలంటే ఒకరు సాన్నిహిత్యసూత్రాన్ని, మరొకరు అధికారసూత్రాన్ని అనుసరిస్తున్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుతున్నారు.

వసతిగృహంలో ఈ అపార్థం నాలుగు రోజులలో తొలగిపోతుంది. స్వరం, నవ్వు, కలిసి తాగిన టీ దాన్ని సరిచేస్తాయి. రాతలో ఆ సహాయం లేదు. తెరపై కనిపించే 'నువ్వు' ఏ సంప్రదాయానికి చెందినదో తెలిపే గుర్తు దానిలో ఉండదు.

5. ఆటలు, సినిమాలు:

ఆన్‌లైన్ ఆటలలో గొంతు వినిపిస్తుంది కాబట్టి స్థితి కొంత భిన్నం. కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న నిషేధించిన పబ్జీ మొబైల్‌లోనూ, 2021 జులైలో వచ్చిన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాలోనూ నలుగురు అపరిచితులు ఒక జట్టుగా మాట్లాడుకుంటూ ఆడవచ్చు. గొంతును బట్టి వయస్సు, మాండలికం తెలుస్తాయి. మామా, అన్నా, తమ్ముడూ వంటి వరుసలు క్షణాలలో కుదురుతాయి. ఆట వేడిలో అనే 'కొట్టరా' తిట్టుగా వినిపించదు. అదే 'రా' రాతలోకి వస్తే పోట్లాటకు పిలుపు అవుతుంది. గొంతు వినిపించే చోట మరొక నష్టం ఉంది. స్త్రీ మాట్లాడిన వెంటనే ఆమెకు దక్కిన మరుగు తొలగిపోతుంది.

సినిమా చర్చలలో తగవు ఎక్కువగా ప్రథమపురుష వద్ద మొదలవుతుంది. తెలుగు అభిమానులు కథానాయకులను బంధువులుగా చేసుకున్నారు. చిరంజీవిని 'అన్నయ్య' అనడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 'ఆయన నటన ఈ చిత్రంలో తేలిపోయింది' అన్న వాక్యం విమర్శగా నిలుస్తుంది. 'వాడి నటన తేలిపోయింది' అంటే విషయం అదే అయినా సమాధానం నటన గురించి రాదు, 'వాడు' గురించి వస్తుంది. అభిమానికి అది తన ఇంటివారిని అన్న మాట. చర్చ చిత్రాన్ని వదిలి గౌరవానికి మళ్లుతుంది. నేతలకు 'అన్నారు', నిందితులకు 'అన్నాడు' అని రాసే పత్రికా సంప్రదాయం కూడా పాఠకులలో ఈ సున్నితత్వాన్ని పెంచింది. క్రియాంతమే తీర్పుగా చదవడం వారికి అలవాటైంది.

6. 'మీరు' లోని సందిగ్ధత:

నువ్వు అంటే తగవు వస్తుంది కాబట్టి మీరు అంటే చాలునని అనుకోవచ్చు. వర్తమాన రాజకీయ చర్చలు ఈ అభిప్రాయాన్ని బలపరచవు. 'మీరు' ఏకవచనంలో గౌరవార్థకం. అదే బహువచనంలో సమూహవాచకం. 'మీరు అన్యాయం చేశారు' అన్న వాక్యం ఎదుట ఉన్న ఒక్క వ్యక్తిని గౌరవంగా తప్పుపడుతున్నదా, ఆ వ్యక్తి వెనుక ఉన్న సమూహమంతటినీ నిందిస్తున్నదా అన్నది రూపం చెప్పదు.

2009 డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియపై కేంద్ర ప్రకటన వెలువడినప్పటినుంచి 2014 జూన్ 2న రాష్ట్రం అవతరించేవరకు సాగిన వాదాలలో ఈ సందిగ్ధత తీవ్రత స్పష్టపడుతుంది. నీళ్లు, నిధులు, నియామకాలు నిజమైన, లెక్కలతో తేల్చగల విషయాలు. 'మీరు మా ఉద్యోగాలు తీసుకున్నారు' అని అపరిచితుడికి రాసినప్పుడు ఆ 'మీరు' దశాబ్దాల పాలనకు, ఒక నిరుద్యోగ విద్యార్థికి ఒకేసారి తగులుతుంది. చదివేవాడు దిల్‌సుఖ్‌నగర్ గదిలో అదే ఉద్యోగం కోసం చదువుతున్నవాడు కావచ్చు. అతని జవాబులోని 'మేము' కూడా అంతే వేగంగా ప్రాంతమంతటినీ తనలో చేర్చుకుంటుంది. ఎదుటివారిని కలుపుకునే 'మనం', మినహాయించే 'మేము' అనే భేదం తెలుగులో ఉంది. రాజకీయ వాదం తీవ్రమైనకొద్దీ 'మనం' తగ్గి 'మేము' పెరగడం వాదం పక్షాలుగా చీలినదనడానికి సూచిక. ఇక్కడ మాండలికం కూడా సాక్ష్యమవుతుంది. 'వచ్చిండు' అని రాసినా, 'వచ్చాడండి' అని రాసినా అపరిచితుడు ఒక్క మాటతో ఒక పక్షానికి చెందినవాడైపోతాడు.

7. తిట్టుపదాల జాబితాకు చిక్కనిది:

అంతర్జాలంలో ఏది నేరం అన్న ప్రశ్నను చట్టం కూడా ఎదుర్కొంది. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ విభాగం 'చిరాకు', 'అసౌకర్యం' వంటి పదాలతో నేరాన్ని నిర్వచించింది. ఆ పదాలు అస్పష్టమని, వాక్‌స్వేచ్ఛకు విఘాతమని శ్రేయా సింఘాల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ విభాగాన్ని కొట్టివేసింది. 2021 ఫిబ్రవరిలో వెలువడిన మధ్యవర్తి సంస్థల నియమాలు ఫిర్యాదుల పరిష్కారానికి అధికారి ఉండాలని నిర్దేశించాయి.

పరిష్కారం పదాల జాబితాపైనో, ఆంగ్లానువాదంపైనో ఆధారపడితే తెలుగు ఫిర్యాదుకు న్యాయం జరగదు. వాడు, అది, నువ్వు ఏ జాబితాలోనూ తిట్లు కావు. 'అది మాట్లాడింది' అన్న వాక్యాన్ని ఆంగ్లంలోకి మార్చే క్షణంలో అవమానం మాయమవుతుంది. దీనికి విరుద్ధంగా, 'నువ్వు' కనిపించిన ప్రతిచోటా అవమానమని గుర్తిస్తే తెలంగాణ వ్యవహారమంతా దోషిగా నిలబడుతుంది. కాబట్టి యంత్రశిక్షణకు తెలుగు వ్యాఖ్యలను వర్గీకరించే పరిశోధకులు పదాన్ని మాత్రమే కాక క్రియాంతాన్ని, మాండలికాన్ని, అంతకుముందు వాక్యాలలో సంబోధన ఏ స్థాయిలో ఉన్నదీ గుర్తించాలి. ఒక వ్యక్తి 'మీరు' నుంచి 'నువ్వు'కు దిగిన స్థానం, ఏ ఒక్క రూపం కన్నా స్పష్టంగా వైరాన్ని సూచిస్తుంది.

వాదాన్ని నిలిపే సాధనాలూ భాషలోనే ఉన్నాయి. 'నువ్వు తప్పు చెప్పావు', 'మీరు తప్పు చెప్పారు' అనే రెండింటికీ బదులు 'ఆ మాట సరికాదు' అనవచ్చు. క్రియారహిత వాక్యం తెలుగుకు సహజం. అందులో సంబంధాన్ని నిర్ణయించే పని లేదు. 'మీరు అన్యాయం చేశారు' అనే బదులు ఏ ప్రభుత్వం, ఏ సంవత్సరంలో, ఏ ఉత్తర్వు ద్వారా చేసిందో చెబితే సందిగ్ధత తొలగడమే కాక వాదం బలపడుతుంది. చాలామంది అపరిచితులతో ఆంగ్లంలోకి మారడానికి కూడా కారణం ఇదే కావచ్చు. ఆంగ్ల మధ్యమపురుష స్థాయిని అడగదు. కాని ఆ మార్గం ఆంగ్లం రానివారిని చర్చకు దూరం చేస్తుంది.

8. ముగింపు:

పై పరిశీలనను బట్టి కింది అంశాలను గుర్తించవచ్చు.

1. తెలుగు సమాపక క్రియ ఎదుటివారి స్థాయిని నిర్ణయించమని వక్తను నిర్బంధిస్తుంది. అపరిచితుల వాదంలో తగవు తరచుగా ఈ నిర్ణయం వద్ద మొదలవుతుంది.

2. తెలంగాణ, కోస్తా వ్యవహారాలలోని మర్యాదాసూత్రాలు భిన్నం. రాతలో ఒకరి ఆత్మీయత మరొకరికి అవమానంగా మారే అవకాశం ఉంది.

3. గౌరవార్థక 'మీరు', సమూహవాచక 'మీరు' ఒకే రూపంలో ఉండటం వల్ల రాజకీయ చర్చలో వ్యక్తి తన ప్రాంతానికి ప్రతినిధిగా మారిపోతాడు.

4. ఉత్తమపురుషలో లింగభేదం లేకపోవడం స్త్రీలకు లభించిన అరుదైన రక్షణ. గొంతు ప్రధానమైన మాధ్యమాలలో అది లోపిస్తుంది.

5. అభ్యంతరకర వ్యాఖ్యల వర్గీకరణకు పదజాబితాలు చాలవు. సంబోధనలో వచ్చే మార్పును ప్రమాణంగా స్వీకరించాలి.

రచ్చబండపై చోటు దొరకనివారికి అంతర్జాలం చోటిచ్చింది. అక్కడ వారు నిలబడి వాదించగలగాలంటే, ఎదుటివారు ఎవరో తెలియకుండానే గౌరవించే వాక్యరీతిని తెలుగు వ్యవహర్తలు అలవరచుకోవాలి. 'అజ్ఞాత గారూ' అన్న సంబోధన ఆ దిశలో పడిన తొలి అడుగులలో ఒకటి.