మూత రెండు వందలు, హెడ్డు ఇరవై వేలు

ముత్తంగి దగ్గర ఔటర్ దిగి సర్వీసు రోడ్డు పట్టగానే, కిరాయి కోసం నిలబడ్డ పికప్‌లు కనిపిస్తాయి. వాటి వయసు ఎవరినీ అడగక్కర్లేదు, నంబరు ప్లేటు చూస్తే చాలు. ఏపీ 23 అని ఉంటే అది పాత మెదక్ జిల్లా బండి, 2014 జూన్ 2కు ముందు రిజిస్టరైంది. టీఎస్ 15 ఉంటే అప్పటి నుంచి 2024 మార్చి లోపుది. టీజీ 15 ఆ తర్వాతది. ఈ లెక్కంతా మొదటి రెండు రకాల గురించి. పాశమైలారం డ్రమ్ములు, పటాన్‌చెరు మార్కెట్ కూరగాయలు, బొల్లారం అట్టపెట్టెలు మోసి మోసి అలిసిన బండ్లవి.

పాత బండి కొన్నవాళ్లకు ఇంజన్ అంటేనే భయం. భయపడాల్సిందే. కానీ నేను చూసినంతలో ఇంజన్ దానంతట అది పోదు, చిన్న వస్తువేదో ముందు పోతుంది. అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతీసేది రేడియేటర్ మూత.

దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. కింద ఒక స్ప్రింగు, దాని చివర రబ్బరు వాచరు ఉంటాయి. నీళ్లు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆ స్ప్రింగు లోపల ఒత్తిడిని ఆపి ఉంచుతుంది కాబట్టి కూలెంట్ దాదాపు 120 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకుంటుంది. వాచరు ఎండి చిట్లిందంటే ఆ ఒత్తిడి నిలవదు. రుద్రారం నుంచి నిండు లోడుతో వచ్చేసరికి సగం కూలెంట్ ఆవిరైపోతుంది. డ్రైవరు బండి ఆపి, దగ్గర్లో ఏ బోరు కనిపిస్తే దాని నీళ్లు పోస్తాడు.

అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. ఈ చుట్టుపక్కల భూగర్భ జలాల సంగతి మన ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. నక్కవాగులోకి ఫ్యాక్టరీల వ్యర్థాలు వదిలిన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే రేడియేటర్‌లోని సన్నని గొట్టాల్లో పొరలు పొరలుగా పేరుకుంటుంది. గొట్టాలు మూసుకుపోతే ఇంజన్ వేడి బయటికి పోయే దారి ఉండదు. ఆ వేడికి సిలిండర్ హెడ్డు వంగుతుంది, గ్యాస్కెట్ కాలిపోతుంది. కొత్త మూతకు 200 రూపాయల లోపే, మంచి కూలెంట్‌కు వెయ్యి, పదిహేను వందలు. హెడ్డు దింపి, లేత్‌లో ఫేసింగ్ చేయించి, గ్యాస్కెట్ మార్చేసరికి బయటి షెడ్లలో అటూఇటూగా 15 నుంచి 25 వేలు అవుతుంది. అప్పటికే పిస్టన్లు పట్టేసి ఉంటే చిన్న బండికి 40, 50 వేలు, బొలెరో సైజు పికప్‌కు 80 వేల నుంచి లక్ష దాకా పోవచ్చు.

పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రెండు పరీక్షలు చేసుకోవచ్చు. మూత తీసి స్టార్ట్ చేయండి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే గ్యాస్కెట్ మీద అనుమానపడాలి. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే అందులో నీళ్లు కలిశాయి. ఆ బండిని అక్కడి నుంచి కదల్చొద్దు, మెకానిక్‌నే పిలిపించుకోండి. కిలోమీటరే కదా అని నడిపినా బేరింగులు పోతాయి.

తర్వాత డీజిల్. 2005లో వచ్చిన తొలి టాటా ఏస్‌ది 702 సీసీ, రెండు సిలిండర్లు, 16 హార్స్‌పవర్. పంపు, నాజిళ్లు పాత పద్ధతివే కాబట్టి ఏ ఊరి మెకానిక్కైనా చేయి తిరిగిన పని. కామన్ రైల్ ఇంజన్ అలా కాదు. దాని ఇంజెక్టర్ బాగు చేయాలంటే టెస్ట్ బెంచ్ ఉన్న షాపుకే పోవాలి. అక్కడ ఒక్కొక్కదానికి మూడు, నాలుగు వేలు అడుగుతారు, కొత్తది కావాలంటే పది వేలు దాటుతుంది. నాలుగు సిలిండర్లకు నాలుగు ఇంజెక్టర్లు. అందుకే చాలామంది నల్ల పొగ వస్తున్నా నెట్టుకొస్తారు. నెట్టుకొస్తే ఎంత పోతుందో చూద్దాం. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 12 ఇస్తే 167 లీటర్లు తాగుతుంది. అదే 10కి పడిపోతే 200 లీటర్లు. లీటరు 95 రూపాయలనుకుంటే తేడా నెలకు 3,100 పైనే, ఏడాదికి 38 వేలు. నాలుగు ఇంజెక్టర్లూ బాగు చేయించినా అందులో సగం కూడా కాదు.

క్లచ్ గురించి ఒక్క మాటే. జంక్షన్‌లో ట్రాఫిక్ ఆగినప్పుడు హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టే అలవాటు మానేయాలి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు కలిపి మార్చాలంటే కూలితో సహా 8 నుంచి 12 వేలు. బేరింగు బాగానే ఉంది కదా అని వదిలేస్తే, మళ్లీ గేర్‌బాక్స్ దించే కూలి రెండోసారి కట్టాల్సి వస్తుంది.

లోడు దగ్గరే నాకు బాధ. తొలి ఏస్ మోయాల్సింది 750 కిలోలు, 2011లో వచ్చిన దోస్త్ 1,250 కిలోలు. ఇంకో ట్రిప్పు డీజిల్ కలిసొస్తుందని దాని మీద అర టన్ను అదనంగా వేస్తారు. వెనక కమాన్ పట్టీల్లో ఒకటి విరుగుతుంది, తర్వాత హౌసింగ్ బేరింగు అరుస్తుంది, ఆ పైన టైర్లు లోపలి వైపు అరుగుతాయి. పట్టీ ఒక్కటీ మార్చడానికి రెండు వేలు అటూఇటూ. బండి పట్టుబడితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 20 వేల జరిమానా, అదనపు టన్నుకు మరో 2 వేలు. అయినా జరిమానా కంటే బ్రేకు సంగతే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. 40 వేగంలో ఉన్న బండిని ఆపే శ్రమతో పోలిస్తే 60లో ఆపే శ్రమ రెండింతలు దాటి, 2.25 రెట్లు. ఆ వేడంతా పడేది అరిగిన లైనర్ల మీదే. లోడు పెరిగితే ఆ లెక్కా పెరుగుతుంది.

ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. ఆ తేదీకి నెల ముందే బ్రేకులు, టై రాడ్ ఎండ్లు, లైట్లు ఒకేసారి చూపించుకుంటే కూలి కలిసొస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పన్ను లేకుండా 10 వేలున్న సామాను మీద వెయ్యి రూపాయలు తగ్గాలి. తగ్గిందో లేదో బిల్లు అడిగి చూసుకోండి.

ఇంత ఖర్చు పెట్టే బదులు కొత్తది తీసుకుంటే పోలేదా అని అడుగుతారు. ఎనిమిది లక్షల అప్పు, 11 శాతం వడ్డీ, నాలుగేళ్లు అనుకుంటే కిస్తు నెలకు సుమారు 20,700, ఏడాదికి దాదాపు రెండున్నర లక్షలు. పాత బండికి ఇంజన్ పని 80 వేలు పడి, 15 రోజులు షెడ్డులోనే ఉండి, రోజుకు 1,500 చొప్పున రాబడి పోయినా మొత్తం 1,02,500. అంటే ఇంజన్ పోయిన ఏడాదిలో కూడా పాత బండిని ఉంచుకోవడమే లాభం.

ఈ లెక్క ఒక్కచోటే తప్పుతుంది, ఛాసిస్ దగ్గర. కెమికల్ డ్రమ్ములు మోసిన బండి ట్రాలీ కింద కారిన చుక్కలు ఏళ్ల తరబడి ఇనుమును తింటూ ఉంటాయి. పైన రంగు వేస్తే కంటికి కనిపించదు. కొనేముందు బండి కిందికి దూరి, వెనక కమాన్ బిగించిన చోట చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది, తుప్పు పొరలు అరచేతిలో రాలతాయి. ఆ శబ్దం వినిపిస్తే ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.